మేక్ వరల్డ్: లోకాన్ని కట్టే వరుస

సోర్సు కోడు నుండి ఆపరేటింగ్ సిస్టమును కట్టే పద్ధతికీ ఒక చరిత్ర ఉన్నది. జీవితమంతా వ్యాకరణం చెప్పిన నాకు అందులో నచ్చినది వరుస.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే ఉపకరణాన్ని రచించారు. ఆయన సహచరుడు స్టీవ్ జాన్సన్, అప్పటికే సరిదిద్దిన ప్రోగ్రాములో తప్పు వెదుకుతూ ఒక ఉదయమంతా వృథా చేసుకున్నారు. దిద్దిన ఫైలును తిరిగి కంపైలు చేయకపోవడమే కారణం. ఏ ఫైలు దేనిపై ఆధారపడుతుందో వ్రాసి ఉంచితే, మార్పు తగిలినవాటినే మేక్ మళ్ళీ కడుతుంది.

ఫ్రీబీఎస్‌డీ వారు దీనితోనే మూల వ్యవస్థనంతా కట్టే ఆజ్ఞకు 'మేక్ వరల్డ్' అని పేరు పెట్టారు. (బ్రహ్మదేవుడు ఏమనుకున్నాడో!) కట్టడం, స్థాపించడం రెండూ ఒకే ఊపులో, నడుస్తున్న యంత్రం మీదనే జరిగేవి. స్థాపన మధ్యలో ఆగితే సగం పాత, సగం కొత్త. అందుకే తరువాత బిల్డ్‌వరల్డ్, ఇన్‌స్టాల్‌వరల్డ్ అని విడదీశారు. ముందు సమస్తం వేరొక డైరెక్టరీలో కట్టాలి. కొత్త కెర్నెల్‌ను స్థాపించి యంత్రాన్ని తిరిగి ప్రారంభించాలి. అది నిలిచిన పిమ్మటనే తక్కిన ప్రోగ్రాములు. కొత్త కెర్నెల్ పాత ప్రోగ్రాములను నడపగలదు. కొత్త ప్రోగ్రాములు అడిగే సిస్టమ్ కాల్స్ పాత కెర్నెల్‌కు తెలియకపోవచ్చు. వరుస తప్పితే చిన్న ఆజ్ఞ కూడా పలకని ప్రమాదమున్నది. పాణిని త్రిపాదిలో సూత్రాల పౌర్వాపర్యం చదివినవారికి ఇది కొత్త కాదు.

2002లో వెలువడిన నెట్‌బీఎస్‌డీ 1.6లోని 'బిల్డ్.ఎస్‌హెచ్' మరింత ముందుకు పోయింది. అది తనకు కావలసిన కంపైలరును ముందుగా తానే కట్టుకొని, దానితో పరాయి ప్రాసెసరుకు సైతం వ్యవస్థను కడుతుంది. నా దృష్టిలో మేక్ వరల్డ్ కంటె ఇదే గొప్ప మెట్టు.