రంప: గ్రామనామం నుండి తిరుగుబాటు నామం వరకు

కీలకపదాలు: రంప, మన్యం, ముఠాదారులు, చిగురుపన్ను, పితూరీ

1. ప్రస్తావన
రంపచోడవరం సమీపాన కొండల నడుమ ఉన్న చిన్న గ్రామం రంప. 1879 నాటి తిరుగుబాటుకూ, 1922–24లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికీ ఈ ఊరి పేరే స్థిరపడింది. అయితే రెండవ పోరాటం ఎక్కువగా సాగింది గూడెం కొండలలో. ఒక గ్రామనామం ఇంతగా విస్తరించిన తీరును పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. మన్సబుదారు – ముఠాదారులు
రంప ప్రాంతం ముఠాలుగా విభజింపబడి ఉండేది. కొన్ని గ్రామాల సముదాయమే ముఠా. దానికి అధిపతి ముఠాదారు. ముఠాదారులు మన్సబుదారుకు ఏటా కొంత సొమ్ము చెల్లించేట్లు 1848లో ఒప్పందం కుదిరింది. కాలక్రమంలో మన్సబుదారు వసూళ్లు పెరిగాయి. కొండవారికి జీలుగు కల్లు కేవలం మత్తుపానీయం కాదు, ఆహారంలో భాగం. దానిపై చిగురుపన్ను ఉండగానే, కొత్త అబ్కారీ విధానం మరింత భారం మోపింది. మైదానపు వర్తకులు అప్పుల దావాలు వేసి, కొండవారు హాజరు కాని న్యాయస్థానాలలో డిక్రీలు పొంది, పశువులను, ధాన్యాన్ని జప్తు చేయించేవారు. పన్ను, అప్పు, పోలీసు ఈ మూడూ ఒకే శక్తికి రూపాలుగా కొండవారికి కనిపించడం సహజం.

3. 1879
1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో మొదలైన తిరుగుబాటు గూడెం, భద్రాచలం కొండలకు వ్యాపించింది. తమ్మనదొర, చంద్రయ్య దీనికి ప్రధాన నాయకులు. 1880లో ఇద్దరూ హతులయ్యారు. ప్రభుత్వం సైన్యంతో తిరుగుబాటును అణచినా, మన్సబుదారును తొలగించి ముఠాదారులతో నేరుగా ఏర్పాటు చేసుకుంది. అంటే, అణచివేసినవారే ఫిర్యాదులోని న్యాయాన్ని కొంతవరకు అంగీకరించారు.

4. పేరు మోసిన బరువు
1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై దాడులు జరిగాయి. ఇక్కడి ఫిర్యాదులు వేరు: పోడుపై అటవీ ఆంక్షలు, గూడెం రోడ్డు పనిలో నిర్బంధ శ్రమ. 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ ఈ తిరుగుబాట్లను ‘గూడెం–రంప’ అని జంటపేరుతో వ్యవహరించారు. ‘రంప’ అని మాత్రమే అన్నప్పుడు గూడెం మరుగున పడుతుంది. ‘అల్లూరి’ అని మాత్రమే అన్నప్పుడు గాం గంటందొర, గాం మల్లుదొర వంటి కొండనాయకులు మరుగున పడతారు.

‘పితూరీ’ అనే పదానిదీ ఇదే గతి. పాలనాభాషలో అది రాజద్రోహం. నేటి వాడుకలో చాడీ. కొండవారి దృష్టిలో మాత్రం, విన్నపం ఫలించనప్పుడు మిగిలిన మార్గం.

5. ముగింపు
రంప చరిత్ర ఒక ఊరి చరిత్రకే పరిమితం కాదు. అలాగని ఒక వీరుని చరిత్రలో ఇమిడిపోదు. ఏ కొండలో, ఏ పన్నుపై, ఎవరు తిరగబడ్డారో విడివిడిగా గుర్తించినప్పుడే మన్యం చరిత్రలో మన్యంవారికి చోటు దక్కుతుంది.