మ్యాట్ పరిచిన చోటే క్లబ్బు

1934లో హైదరాబాదులో రెండు పనులు జరిగాయి. అడిక్‌మెట్ బండరాళ్ల మధ్య ఏడో నిజాం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి వేశారు. హైదరాబాద్ క్రికెట్ సంఘం పుట్టిందీ ఆ ఏడాదే. ఆ సీజన్‌లోనే రంజీ ట్రోఫీ మొదలైంది. అందులో తొలి సెంచరీ కొట్టినవాడు మన ఎస్.ఎం. హాదీ, మద్రాసు మీద 132 నాటౌట్. క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, పోలో, చెస్, టేబుల్ టెన్నిస్ అన్నీ ఆడేవాడు కాబట్టి ఆయన్ని 'రెయిన్‌బో హాదీ' అనేవారు. అన్ని ఆటలు ఆడే తీరిక అప్పట్లో ఎవరికుండేదో వేరే చెప్పాలా?

ఆట అప్పటికి నవాబులది, దొరలది. క్యాంపస్ క్రికెట్ సంగతి చెప్పాలన్నా ముందు బషీర్‌బాగ్ పోవాల్సిందే. 1887లో పెట్టిన అక్కడి నిజాం కాలేజీ అరవై ఏళ్లపాటు మద్రాసు యూనివర్సిటీ కిందే ఉంది, చదువంతా ఇంగ్లిష్‌లో. ఉస్మానియాలో ఉర్దూ. రెండూ ఒకే ఊళ్లో ఉన్నా దారులు వేరు. 1947లో నిజాం కాలేజీ ఉస్మానియాలో కలిసింది. అప్పట్నుంచి ఆ కుర్రాళ్లకూ, అడిక్‌మెట్ కుర్రాళ్లకూ ఒకటే జట్టు. యూనివర్సిటీల మధ్య జరిగే రోహింటన్ బారియా ట్రోఫీకి వెళ్లాలంటే ఉస్మానియా పేరు మీదే వెళ్లాలి. తర్వాతి రోజుల్లో అజారుద్దీన్ చదివింది కూడా ఆ నిజాం కాలేజీలోనే.

యూనివర్సిటీ జట్టుకు పేరుంది, కప్పులున్నాయి. గేటు అవతల, తార్నాక వీధుల్లో పుట్టిన జట్ల సంగతే ఎవరూ రాయలేదు. అవి పుట్టడానికి కారణం మాత్రం కళ్లముందే కనిపిస్తుంది. లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు ముందునుంచీ ఉంది. కూనూరు నుంచి పోషకాహార సంస్థ వచ్చి క్యాంపస్ పక్కనే దిగింది. ఇప్పుడు ఐఐసీటీ అంటున్న రసాయన ప్రయోగశాల, 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, 1977లో కణజీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ వచ్చాయి. నెల జీతం, ఆదివారం సెలవు, క్వార్టర్స్‌లో పెరిగే పిల్లలు. క్రికెట్ క్లబ్బుకు ఇంతకన్నా ఏం కావాలి? సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలకు శాంతి స్వరూప్ భట్నాగర్ పేరుతో ఓ టోర్నమెంటే ఉంది. వారమంతా రాళ్ల వయసు లెక్కకట్టేవాళ్లు అక్కడ రన్ రేటు లెక్కకడతారు.

అన్నీ ఉన్నా, గ్రౌండ్ మాత్రం లేదు. క్లబ్బంటే ఒక కిట్ బ్యాగు, ఒక స్కోరు పుస్తకం, చుట్టచుట్టిన కొబ్బరిపీచు మ్యాట్. అంతే ఆస్తి. పొద్దున్నే నలుగురు కుర్రాళ్లు దాన్ని భుజాలకెత్తుకుని మోసుకొచ్చి, మట్టి పిచ్ మీద దొర్లించి, నాలుగు మూలలా పట్టి లాగేవాళ్లు. ఐదోవాడు అంచు కన్నాల్లో ఇనుప మేకులు దించేవాడు. ఒక్క మేకు వదులైనా మ్యాట్ ముడతపడుతుంది, ఆ ముడత మీద పడ్డ బంతి మూతి పగలగొడుతుంది. సరిగ్గా లాగితే బంతి లేస్తుంది, గిర్రున తిరుగుతుంది. మన ఊరి స్పిన్నర్లకూ, మణికట్టు తిప్పే బ్యాట్స్‌మెన్‌కూ ఈ మ్యాటే గురువని పాతవాళ్లు అంటారు. సగం నిజమనే నా నమ్మకం.

ఈ నేల మీద పెరిగినవాడే క్రికెట్ వ్యాఖ్యాత హర్షా భోగ్లే. తండ్రి ఉస్మానియాలో ఫ్రెంచ్ ఆచార్యులు. హర్ష క్యాంపస్‌లోనే కెమికల్ ఇంజినీరింగ్ చదివాడు. 'ఎ' డివిజన్ లీగ్ ఆడాడు, రోహింటన్ బారియాలో ఉస్మానియాకూ ఆడాడు. పంతొమ్మిదో ఏట ఆకాశవాణిలో మైకు పట్టుకున్నాడు. టెస్టు ఆడకుండానే ప్రపంచమంతా గుర్తుపట్టే గొంతు ఇంకెందరికుంది?

లీగ్‌లోకి ఎక్కిన క్లబ్బుల కథ వేరే దారి పట్టింది. హైదరాబాద్ క్రికెట్ సంఘంలో సభ్యత్వం ఉన్న క్లబ్బుకు ఎన్నికల్లో ఓటుంటుంది. ఓటు విలువ తెలిశాక కిట్ బ్యాగు కన్నా రిజిస్ట్రేషన్ కాగితం బరువెక్కింది. సంఘం వ్యవహారాలు చూడమని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ లావు నాగేశ్వరరావు 2023లో 57 క్లబ్బుల్ని ఎన్నికలకు దూరం పెట్టారు. కారణం, కొందరి చేతుల్లోనే ఒకటికి మించి క్లబ్బులుండటం. క్లబ్బంటే జట్టు అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని సంగతి.

క్యాంపస్ మైదానాల్లో ఓటు లేని జట్లు మాత్రం ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే దిగుతూనే ఉన్నాయి. ఒకే గ్రౌండ్‌లో మూడు మ్యాచ్‌లు. ఒకరి ఫైన్‌లెగ్ మరొకరి కవర్స్‌లో నిలబడతాడు. "అన్నా, జర బాల్ ఇటెయ్యి" అంటే ఏ జట్టువాడైనా వేయాల్సిందే. ఎవరు ఎన్ని కొట్టారో కొందరు ఫోన్లో ఎక్కిస్తున్నారు గానీ, వెనకటి స్కోరు పుస్తకాలు ఎవరి అటకల మీద ఉన్నాయో, ఎన్నిటికి చెద పట్టిందో. ఉస్మానియా లైబ్రరీ తాళపత్రాలను దాచింది. మైదానం పక్కనే ఉన్న ఆ లైబ్రరీ ఈ పుస్తకాలకూ ఒక అర ఇస్తే, తార్నాక క్రికెట్ చరిత్ర రాయడానికి కనీసం కాగితమైనా మిగులుతుంది.