డెస్క్‌టాప్ అలంకరణ

డెస్క్‌టాప్ అలంకరణ అనగా కంప్యూటరు తెరపై కనిపించే నేపథ్యచిత్రం, విండోల చట్రాలు, ఐకాన్లు, అక్షరాలు, రంగులు మొదలైనవాటిని వాడుకరి తన అభిరుచికి తగినట్లు మార్చుకొనడం. ఇటువంటి మార్పులవలన కంప్యూటరు నెమ్మదిస్తుందని కొందరు, ఏమీ కాదని మరికొందరు భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ పూర్తిగా సరియైనవి కావు. ఒకసారి గీసి వదిలివేసే అలంకారానికి ఖర్చు దాదాపు ఉండదు. క్షణక్షణమూ తిరిగి గీయవలసిన అలంకారానికి, లేదా తనకోసం ఒక ప్రోగ్రాము ఎల్లవేళలా నడుస్తూ ఉండవలసిన అలంకారానికి మాత్రమే చెప్పుకోదగిన ఖర్చు ఉంటుంది. మెమొరీ తక్కువగా ఉన్న పాత యంత్రాలపై ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

నేపథ్యచిత్రం

వాల్‌పేపరు విషయంలో అపోహలు ఎక్కువ. చిత్రపు ఫైలు డిస్కుపై ఎంత స్థలం ఆక్రమిస్తుందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. జేపెగ్ ఫైలు కుదించబడిన రూపంలో ఉంటుంది. తెరపై చూపడానికి ముందు దానిని విప్పి, సాధారణంగా ఒక్కొక్క పిక్సెలుకు 4 బైట్ల చొప్పున మెమొరీలో పరచవలసి ఉంటుంది. 1024×768 తెరకు ఇది సుమారు 3 మెగాబైట్లు, 1920×1080 తెరకు సుమారు 8 మెగాబైట్లు.

ఉదాహరణకు నెల్లూరు జిల్లా కృష్ణపట్నం రేవులోని ఓడలను 12 మెగాపిక్సెళ్ళ కెమెరాతో ఫొటో తీస్తే, ఆ ఫైలు నాలుగైదు మెగాబైట్లే ఉండవచ్చు. కాని 4000×3000 పిక్సెళ్ళ ఆ చిత్రాన్ని విప్పినపుడు అది 48 మెగాబైట్లు అవుతుంది. విండోస్ ఎక్స్‌పీ జేపెగ్ చిత్రాన్ని నేపథ్యంగా పెట్టినపుడు దానిని బిట్‌మ్యాప్ ఫైలుగా మార్చి దాచుకొనేది. ఈ ఫొటో అయితే అలా 36 మెగాబైట్ల ఫైలుగా మారుతుంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసిన మెమొరీయే 128 మెగాబైట్లు కనుక ఇది చిన్న భారమేమీ కాదు. అదే ఫొటోను ముందుగా తెర కొలతకు తగ్గించి పెట్టుకుంటే సముద్రం, ఓడలు, క్రేన్లు కంటికి మునుపటివలెనే కనిపిస్తాయి. ఖర్చు మాత్రం 3 మెగాబైట్లకు దిగుతుంది.

నల్లని నేపథ్యం పెడితే కంప్యూటరు వేగం పెరుగుతుందన్నది నిజం కాదు. ఎల్‌సీడీ తెరల వెనుక దీపం సాధారణంగా ఏ రంగుకైనా ఒకే విధంగా వెలుగుతుంది కనుక విద్యుత్తు కూడా పెద్దగా ఆదా కాదు. ఓలెడ్ తెరలలో మాత్రం నలుపు వలన కొంత ఆదా ఉన్నది.

కదిలే నేపథ్యాల సంగతి వేరు. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో వచ్చిన యాక్టివ్ డెస్క్‌టాప్ వెబ్ పేజీనే నేపథ్యంగా పరిచేది. విస్టా అల్టిమేట్‌కు వచ్చిన డ్రీమ్‌సీన్ వీడియోను ఆడించేది. రెండూ తరువాతి విండోస్‌లలో నిలువలేదు. ఎక్స్‌పీతో వచ్చిన బ్లిస్ అనే పచ్చని కొండ చిత్రం మాత్రం కోట్ల తెరలపై కనిపించింది. అది ఛార్లెస్ ఓరియర్ 1996లో కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో తీసిన కదలని ఫొటో.

దృశ్య ప్రభావాలు

విస్టాకు ముందు ప్రతి ప్రోగ్రామూ తన విండోను నేరుగా తెరపై గీసేది. పైనున్న విండోను జరిపినపుడు కింద ఉన్న ప్రోగ్రాము ఆ భాగాన్ని మళ్ళీ గీయవలసి వచ్చేది. అది వేరే పనిలో మునిగి ఉంటే తెరపై ఈడ్చిన జాడలు మిగిలిపోయేవి. 2007 జనవరి 30న సాధారణ విక్రయానికి వచ్చిన విస్టాలో ఈ పద్ధతి మారింది. ఏరో రూపంలో ప్రతి విండో బొమ్మా విడిగా మెమొరీలో ఉంటుంది. గ్రాఫిక్ ప్రాసెసరు వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి చూపుతుంది. గాజువంటి పారదర్శక చట్రాలు దీనివలననే సాధ్యమైనవి. లినక్స్‌లో కంపిజ్ 2006లోనే ఇటువంటి పని చేసి, డెస్క్‌టాప్‌ను ఘనంవలె తిప్పి చూపింది.

ప్రత్యేక గ్రాఫిక్ కార్డు లేని యంత్రాలలో ఈ బొమ్మలన్నీ ప్రధాన మెమొరీలోనే చోటు తీసుకుంటాయి. అందువలన అటువంటి యంత్రాలలో ఏరోను ఆపివేయడం ఒక సలహాగా ప్రచారమైనది. ఇది అన్ని సందర్భాలలో మేలు చేయదు. గ్రాఫిక్ ప్రాసెసరు చేయగల పనిని మాన్పిస్తే ఆ భారం తిరిగి ప్రధాన ప్రాసెసరుపై పడుతుంది. విండోస్ 8 నుండి ఈ పేర్పును ఆపివేసే వీలే లేదు. పారదర్శకతను, కదలికలను మాత్రం సెట్టింగ్స్‌లో ఆపుకొనవచ్చును.

మెనూలు తెరుచుకొనే జాప్యం వేరొక సంగతి. విండోస్ రిజిస్ట్రీలో మెనూషోడిలే విలువ మామూలుగా 400 మిల్లీసెకన్లు. దీనిని తగ్గిస్తే కంప్యూటరు చురుకైనట్లు తోస్తుంది. నిజానికి యంత్రం వేగంలో ఏ మార్పూ ఉండదు, ఎదురుచూపు మాత్రమే తగ్గుతుంది.

తెలుగు అక్షరాలు

ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌లోని సిస్టమ్ ద్వారా వెళ్ళి, అడ్వాన్స్‌డ్ కింద పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్ తెరిచి, "అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్" ఎంచుకొనడం చాలామంది చేసిన పని. ఒక్క నొక్కుతో ప్రభావాలన్నీ ఆగిపోతాయి. అయితే వాటితోపాటు అక్షరాల అంచులను నునుపుచేసే సదుపాయం కూడా ఆగిపోతుంది. ఇంగ్లీషు చదివేవారికి దీనివలన కొద్ది ఇబ్బంది. తెలుగు చదివేవారికి ఎక్కువ. "రాష్ట్రం", "స్త్రీ" వంటి మాటలలో అక్షరం కింద వత్తులు, పైన తలకట్టు, గుడిదీర్ఘం వంటి గుర్తులు ఉంటాయి. ఒక వరుస ఎత్తులోనే ఇవన్నీ ఇమడవలసి వచ్చినపుడు ఒక్కొక్క భాగానికి దక్కే పిక్సెళ్ళు కొద్దివే. నునుపు లేకపోతే అవి గజిబిజిగా కలిసిపోతాయి. నునుపుచేయడానికి అయ్యే ఖర్చు స్వల్పం. కనుక ఎక్స్‌పీలోగాని, తరువాతి విండోస్‌లలోగాని తక్కినవన్నీ తీసివేసినా "స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్" ఎదుట ఉన్న టిక్కును తిరిగి పెట్టుకొనడం మంచిది. ఎల్‌సీడీ తెరలకు ఎక్స్‌పీలోనే ప్రవేశపెట్టిన క్లియర్‌టైప్ పద్ధతి ఇంకా అనుకూలం.

ఎక్స్‌పీలో తెలుగు సరిగా కనబడడానికి రీజినల్ ఆప్షన్స్‌లో సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా స్థాపించవలసి ఉండేది. దానితో గౌతమి ఫాంటు వచ్చేది. విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల యూఐ వచ్చినవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, రెడ్ హ్యాట్ వెలువరించిన లోహిత్ తెలుగు, మండలి వెంకట కృష్ణారావు పేరిట వచ్చిన మండలి ఫాంటు ఉచితంగా లభిస్తాయి. ఒక ఫాంటుకు బదులు మరొకదానిని వాడినందువలన, అక్షరాల పరిమాణం పెంచినందువలన వేగం తగ్గదు. డీటీపీ కేంద్రాలలోవలె వందలకొద్దీ ఫాంట్లను ఎక్కించినపుడు మాత్రం ఫాంట్ల జాబితా తెరుచుకొనడానికే సమయం పడుతుంది.

గ్యాడ్జెట్లు, థీములు, స్క్రీన్‌సేవర్లు

విస్టా పక్కపట్టీలోని గడియారం, వాతావరణం వంటి గ్యాడ్జెట్లు చూడడానికి చిన్నవే అయినా నిజానికి నిరంతరం నడిచే ప్రోగ్రాములు. భద్రతా లోపాల కారణంగా వీటిని ఆపివేయవలసినదిగా 2012 జూలైలో మైక్రోసాఫ్టే సూచించింది. విండోస్ 8లో వీటిని తొలగించింది. ఎక్స్‌పీ మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న థీములనే అంగీకరించేది. ఇతర థీములకోసం చాలామంది యుఎక్స్‌థీమ్ అనే సిస్టమ్ ఫైలును మార్చివేసేవారు. ఇది వేగానికి కాక యంత్రపు భద్రతకే సంబంధించిన సమస్య. స్క్రీన్‌సేవరు ఫైలు కూడా బొమ్మ కాదు, అది ఒక ప్రోగ్రామే. తెలియనిచోటినుండి దించుకొన్న స్క్రీన్‌సేవరు చేపలను చూపుతూనే మరే పనైనా చేయగలదు.

డెస్క్‌టాప్‌పై ఐకాన్లు ఎక్కువైతే కంప్యూటరు నెమ్మదిస్తుందన్నది చాలావరకు అతిశయోక్తి. కార్యాలయాలలో వాడుకరి ఫైళ్ళు సర్వరునుండి వచ్చే ఏర్పాటు ఉన్నచోట మాత్రం, డెస్క్‌టాప్‌పై పెట్టిన పెద్ద ఫైళ్ళు లాగిన్ సమయాన్ని నిజంగానే పెంచుతాయి.

పాత యంత్రాలు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమొరీ, టీపీఎం 2.0 కావాలి. ఇవి లేని యంత్రాలకు లినక్స్ ఒక మార్గం. ఇందులో డెస్క్‌టాప్ పరిసరాన్నే మార్చుకొనవచ్చును. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ, మాటే తేలికైనవిగా పేరుపొందినవి. గ్నోమ్, కేడీఈలలోవలె వీటిలోనూ తెలుగు అక్షరాలు సరిగానే కూర్చబడతాయి. హైదరాబాదుకు చెందిన స్వేచ్ఛ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగులో కనిపించే లినక్స్ డెస్క్‌టాప్‌ను కూడా రూపొందించారు.

ఏ మార్పు ఎంత భారమో తెలుసుకొనడానికి విండోస్‌లో టాస్క్ మేనేజర్, లినక్స్‌లో టాప్ అనే ఆదేశం సరిపోతాయి. మార్పుకు ముందు, తరువాత ఏ పనీ చేయని స్థితిలో ప్రాసెసరు వాడుకను, మెమొరీని పోల్చిచూడాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే భారం దేనిదో తెలియదు.