కొలువులో చేరిన వార్తాహరుడు

లోకవార్తలను జనులకు చెప్పువాడు వేఱు. ప్రభుత్వపు మాటను లోకమునకు చెప్పువాడు వేఱు. మొదటివానికి యజమాని వినువాడు. రెండవవానికి యజమాని తన్ను నియమించిన ప్రభువు. ఈ రెండు పనులును ఒక్క మనుష్యుడే, ఒక్క గొంతుకతోనే చేయవలసివచ్చినయెడల ఏమి జరుగును? దీనికి అమెరికా దేశపు చరిత్రలో మంచి దృష్టాంతమొకటి కలదు. అది ఎడ్వర్డ్ మర్రో అను పత్రికారచయిత కథ.

మర్రో 1908 వ సంవత్సరము ఏప్రిల్ 25 వ తేదీన ఉత్తర కరోలినా రాష్ట్రమున ఒక సామాన్య వ్యవసాయ కుటుంబములో జన్మించెను. ఆయన బాల్యముననే ఆ కుటుంబము పడమటి సముద్రతీరమునగల వాషింగ్టన్ రాష్ట్రమునకు తరలిపోయెను. అచ్చట తండ్రి కలప మోయు రైలుబండిని నడుపుచుండెను. కుమారుడును అడవులలో మ్రాకులు కొట్టువారితో కలిసి పనిచేసి, చదువునకు కావలసిన ధనమును కూడబెట్టుకొనెను. 1930 లో పట్టభద్రుడయ్యెను. 1935 లో కొలంబియా బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్ అను రేడియో సంస్థలో ప్రసంగములను ఏర్పాటుచేయు ఉద్యోగమున చేరెను. ఇతరులచేత మాటలాడించుటయే గాని తాను మాటలాడుట ఆయన పని కాదు. ఆ పనిమీదనే 1937 లో లండన్ నగరమునకు వెళ్లెను.

కాలము ఆయనను ఊరకుండనీయలేదు. 1938 మార్చి నెలలో హిట్లరు సైన్యములు ఆస్ట్రియాలో ప్రవేశించుచున్నవని విని, మర్రో ఒక విమానమును బాడుగకు మాటలాడుకొని, అందు తానొక్కడే ప్రయాణికుడై వియన్నా చేరెను. కన్నులార చూచినదానిని రేడియోలో చెప్పెను. 1940 సెప్టెంబరు 7 మొదలుకొని లండన్‌పై వరుసగా 57 రాత్రులు బాంబులు పడెను. ఆ దినములలో ఆయన మేడకప్పులపై నిలిచి, తాను చూచినదియు వినినదియు మాత్రమే నిదానముగా చెప్పుచుండెను. సముద్రమున కావలనున్న అమెరికా గృహములలో జనులు ఆ గొంతు వినుటకై కాచుకొని యుండిరి. 1945 ఏప్రిల్‌లో బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరమును చూచివచ్చి, అందలి ఘోరమును లోకమునకు తెలిపెను. అలంకారములు లేని మాట గనుక జనులు దానిని నమ్మిరి. ఆ నమ్మకమే ఆయన ఆస్తి.

యుద్ధానంతరము టెలివిజన్ వచ్చెను. మర్రో దానిలోను ప్రవేశించెను. ఆ కాలమున జోసెఫ్ మెకార్తీ అను సెనేటు సభ్యుడు కనబడినవారినెల్ల కమ్యూనిస్టులని నిందించి, అనేకుల జీవనోపాధిని చెఱచుచుండెను. పెద్దపెద్దవారు సైతము నోరు మెదపకుండిరి. 1954 మార్చి 9 వ తేదీన మర్రో ఒక కార్యక్రమమున మెకార్తీ మాటలనే, మెకార్తీ చిత్రములనే వరుసగా చూపి, అందలి అసత్యములను ఎత్తిచూపెను. ఆ యేడు డిసెంబరులో సెనేటు 67 ఓట్లకు 22 ఓట్లతో మెకార్తీని అభిశంసించెను. ఇది మర్రో యొక్కనివలననే జరిగినదనుట సరికాదు. అయినను అందఱును భయపడు వేళ మాటలాడినవారిలో ఆయన యొకడు.

1960 నవంబరు 25 వ తేదీన ఆయన మఱియొక చిత్రమును చూపెను. దాని పేరు "హార్వెస్ట్ ఆఫ్ షేమ్", అనగా సిగ్గుచేటయిన పంట. పంటల ననుసరించి ఊరూర తిరుగు వలస కూలీల దుఃస్థితి దాని విషయము. దేశమున కెల్ల కూరగాయలు కోసి పెట్టువారి పిల్లలకు కడుపునిండ తిండియు, చదువును, నిలువ నీడయు లేవని ఆ చిత్రము చూపెను. పంట పండించువాని కష్టము నెఱిగిన మన పెద్దలకు ఆ చిత్రము ఎంత సూటిగా తాకియుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతలో 1961 జనవరిలో కెన్నెడీ అధ్యక్షపదవి నధిష్ఠించెను. ఆయన మర్రోను పిలిచి, అమెరికా సమాచార సంస్థకు అధిపతిగా ఉండుమని కోరెను. 1953 లో ఏర్పడిన ఆ సంస్థ రేడియో, గ్రంథాలయములు, చిత్రములు, పత్రికల ద్వారా అమెరికా పక్షమును విదేశములకు వినిపించుచుండెను. ఆ సాధనములను స్వదేశములో ప్రచారమునకు వాడరాదను కట్టుబాటు 1948 నాటి చట్టమున ఆ కాలమున ఉండెను. కాబట్టి తన దేశమంతయు ఎఱిగిన గొంతు ఇక పరదేశములవారి కొఱకు పనిచేయవలసినదయ్యెను. వేతనము సంవత్సరమునకు సుమారు 21,000 డాలర్లు. అంతకుముందు ఆయన పొందుచుండినదానిలో ఇది స్వల్పభాగమే. అప్పటికి ప్రసార సంస్థ యజమానులతో ఆయనకు పొసగుట లేదు. టెలివిజన్ ధనార్జనకే లోబడి జనులను మభ్యపెట్టుచున్నదని 1958 లో ఆయన బహిరంగముగ విమర్శించియుండెను. పిలుపును అంగీకరించెను.

పరీక్ష వెంటనే వచ్చెను. కూలీల చిత్రమును బి.బి.సి. వారు కొని, ఇంగ్లాండులో చూపుటకు సిద్ధపడిరి. అమెరికా సిగ్గు పరదేశమున వెల్లడియగునని సెనేటులో కొందఱు ఆక్షేపించిరి. అప్పుడు మర్రో బి.బి.సి. అధిపతికి స్వయముగ టెలిఫోను చేసి, ఆ చిత్రమును చూపవలదని కోరెను. తాను చేసిన చిత్రమును, తన గొంతు వినిపించు చిత్రమును, తానే కప్పిపుచ్చ జూచెను! బి.బి.సి. వారు ఆ కోరికను మన్నింపక చిత్రమును ప్రసారముచేసిరి. స్వదేశమున పత్రికలు మర్రోను తప్పుపట్టినవి. మెకార్తీకి వెఱవనివాడు ఉప్పు తిన్న విశ్వాసమునకు లొంగిపోయెనని ఆయన మిత్రులే నొచ్చుకొనిరి.

మఱునెలలోనే రెండవ పరీక్ష వచ్చెను. 1961 ఏప్రిల్ 17 న అమెరికా ప్రోద్బలముతో క్యూబాపై దండయాత్ర జరిగి, విఫలమయ్యెను. లోకమునకు సమాధానము చెప్పవలసిన సంస్థ మర్రోది. కాని ప్రభుత్వము ఆ యాలోచనను ఆయనకు ముందుగా తెలుపలేదు. ఒక పత్రికావిలేఖరి ద్వారా ఆ సంగతి ఆయన కార్యాలయమునకు తెలిసినది. కార్యము చెడిన పిమ్మట నన్ను పిలుచుట కాదు, కార్యారంభముననే నన్ను పిలువుడని ఆయన భావము. నిర్ణయములో పాలులేనివాడు దానిని సమర్థించుట యెట్లు?

ఈ రెండు దెబ్బలు ఆయనకు వృథాగా పోలేదు. 1963 లో శాసనసభ్యుల యెదుట సాక్ష్యమిచ్చుచు, సత్యమే మేలైన ప్రచారమనియు, నమ్మదగినవారమైననే మన మాట చెల్లుననియు మర్రో విన్నవించెను. నీగ్రో జాతివారు తమ హక్కులకై పోరాడుచుండిన కాలమది. ఆ యేడు ఆగస్టు 28 న వాషింగ్టన్ నగరమున జరిగిన మహాయాత్రను ఆయన సంస్థయే చిత్రముగా తీసెను. స్వదేశపు కొఱతలను పరులకు చూపుట యేల యని కొందఱు మరల ఆక్షేపించిరి. అయినను ఆ చిత్రము 1964 లో విదేశములకు పోయెను. 1961 లో దాచ జూచిన చేతితోనే 1963 లో చూపుటకు పూనుకొనుట గమనింపదగినది.

సిగరెట్టు వ్యసనము ఆయన ప్రాణముమీదికి తెచ్చెను. 1963 అక్టోబరులో ఒక ఊపిరితిత్తిని తీసివేసిరి. 1964 జనవరిలో పదవిని విడిచెను. 1965 ఏప్రిల్ 27 న, ఏబదియేడేండ్లు నిండిన రెండవ దినమున, మరణించెను. ఆ సంస్థయు 1999 లో రద్దయ్యెను.

మర్రో పదవి నంగీకరించుట తప్పా? విదేశములలో తన దేశమునకు మాట దక్కవలెనని తలచుట తప్పు కాదు. గ్రామములలోను తగవరిగా పేరొందినవానినే పదవికి పిలుతురు. ఆ పేరుకొఱకే పిలుతురు. పదవిలో చేరినపిదప ఆ పేరును పదవికొఱకు వెచ్చించుట సులభము. వెచ్చించినకొలది అది తఱుగును. తిరిగి కూడబెట్టుటకు మర్రో వంటివానికే రెండేండ్లు పట్టినది. కావున మంచి మాటగల మనుష్యుని ఉద్యోగమున నియమించువారు అతని మాటను కార్యమునకు ముందే వినవలెను. ఆ యుద్యోగమున చేరువాడు ఏ మాట తాను పలుకజాలడో చేరకముందే తెలిపియుంచవలెను. ఈ రెండును జరుగనిచోట ప్రజలకు ఒక నమ్మదగిన గొంతు నష్టమగును. ప్రభుత్వమునకును లాభమేమియు నుండదు.