యంత్రం ‘చెప్పను’ అనడం ఎలా నేర్చుకుంది?

జీఎస్-3లో ఏఐ గురించి రాసేటప్పుడు మనలో చాలామంది “ఏఐకి రక్షణ ఏర్పాట్లు ఉన్నాయి” అని ఒక్క వాక్యంతో ముగిస్తాం. నేనూ అంతే. కానీ ఆ రక్షణ మోడల్‌లో ఎక్కడుంటుంది? దీనికి చిన్న చరిత్ర ఉంది.

నేపథ్యం: 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ ‘టే’ అనే చాట్‌బాట్‌ను ట్విట్టర్‌లోకి తెచ్చింది. కొందరు కావాలని ఎక్కించిన ద్వేషపు మాటలనే అది తిరిగి పలకడంతో ఒక్కరోజులోనే ఆపేశారు. 2020లో వచ్చిన జీపీటీ-3కి 17,500 కోట్ల పారామీటర్లు ఉన్నా, అది నేర్చుకున్నది ప్రధానంగా తర్వాతి పదాన్ని ఊహించడమే.

మలుపు (2022): ఓపెన్‌ఏఐ ‘ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ’ కోసం మనుషులు మోడల్ జవాబులను పోల్చి ఏది మేలో చెప్పారు. ఆ తీర్పులతో మోడల్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చారు. ఇదే ఆర్‌ఎల్‌హెచ్‌ఎఫ్. అదే ఏడాది డిసెంబరులో ఆంత్రోపిక్ ‘కాన్‌స్టిట్యూషనల్ ఏఐ’ని ప్రకటించింది. ఇందులో రాసిపెట్టిన సూత్రాలను బట్టి మోడల్ తన జవాబును తానే విమర్శించుకుని దిద్దుకుంటుంది.

లోపల జరిగేది: మోడల్‌లో నిషేధిత ప్రశ్నల జాబితా ఏదీ ఉండదు. మన ప్రశ్న అంకెల వరుసలుగా, అంటే వెక్టర్లుగా మారి పొరలు దాటుతుంది. 2024లో పరిశోధకులు 13 ఓపెన్ మోడళ్లను పరీక్షిస్తే, నిరాకరణ ప్రధానంగా ఒకే ‘దిశ’పై ఆధారపడుతోందని తేలింది. ఆ దిశను తొలగిస్తే మోడల్ ప్రమాదకర ప్రశ్నలకూ జవాబిచ్చింది. దాన్ని జోడిస్తే మామూలు ప్రశ్నలకూ కాదంది. అంటే నిరాకరణ కోటగోడ కాదు, శిక్షణతో వచ్చిన అలవాటు. మోడల్ లోపలికి చేయి పెట్టగలిగినవారు ఆ అలవాటును మాన్పించనూగలరు.

మన భాషల సంగతి: 2023లో బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీపీటీ-4ను ప్రమాదకర ప్రశ్నలు అడిగారు. ఇంగ్లీషులో దాదాపు అన్నింటినీ తిరస్కరించింది. జులూ వంటి, డేటా తక్కువున్న భాషల్లోకి అనువదించి అడిగితే చాలావాటికి జవాబిచ్చింది. బెంగాలీలో ఈ లోపం అంతకంటే తక్కువే అయినా, ఇంగ్లీషు కంటే ఎక్కువే. కాబట్టి ఇది సాంకేతిక సమస్యే కాదు, సమానత్వ సమస్య కూడా.

ముగింపు: 2023 నవంబరు బ్లెచ్లీ ప్రకటనలో భారత్ భాగస్వామి. 2025 జనవరిలో కేంద్రం ఏఐ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రకటించింది. ఆ సంస్థ పరీక్షలు ఇంగ్లీషు, హిందీలతో ఆగకుండా ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ జరగాలి. ఒక భాషలో ‘కాదు’ అని, మరో భాషలో ‘సరే’ అనే యంత్రాన్ని సురక్షితం అనలేం.

సాధన ప్రశ్న: “ఏఐ భద్రతకు భాషా సమానత్వం ముందస్తు షరతు.” చర్చించండి. (150 పదాలు)