చాటింపు నుంచి వైరల్ వీడియో దాకా: ప్రచారకుని వృత్తి – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు పల్లెల్లో దండోరా వేసే వ్యక్తి ఎవరి తరఫున చాటుతున్నాడో వినేవారికి తెలిసేది. అది గ్రామాధికారి ఉత్తరువైనా, టూరింగ్ టాకీస్‌లో ఆడబోయే సినిమా కబురైనా, డప్పు మోత వినగానే ఇది ఒకరు చెప్పించిన మాట అన్న ఎరుక శ్రోతకు కలిగేది. సామాజిక మాధ్యమాల్లో వీడియోల ద్వారా సరుకులకు గిరాకీ కల్పించే నేటి వృత్తిలో ఆ ఎరుక ప్రేక్షకునికి కలిగి తీరుతుందని చెప్పలేం. చెప్పించినవారి పేరును దాచడమా, వెల్లడించడమా అన్న ప్రశ్న ఈ వృత్తి చరిత్ర పొడవునా కనిపిస్తుంది. ఆ ప్రశ్న పరిణామాన్ని పరిశీలించి, తెలుగు భాషతో దానికున్న సంబంధాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వృత్తికి పేరు వచ్చిన తీరు

సబీర్ భాటియా, జాక్ స్మిత్‌లు 1996 జులై 4న అమెరికాలో హాట్‌మెయిల్‌ను ప్రారంభించారు. ఆ సేవ ద్వారా వెళ్లే ప్రతి లేఖ అడుగున, ఉచితంగా ఈ-మెయిల్ పొందవచ్చని తెలిపే ఒక వాక్యం చేరేది. లేఖ రాసిన వ్యక్తి తాను కోరకుండానే ఆ సంస్థకు ప్రచారకుడయ్యాడు. సుమారు ఏడాదిన్నరలో వినియోగదారుల సంఖ్య 1.2 కోట్లకు చేరింది. ఆ సంస్థలో పెట్టుబడి పెట్టిన స్టీవ్ జర్వెట్‌సన్, టిమ్ డ్రేపర్‌లు 1997లో ఈ పద్ధతిని ‘వైరల్ మార్కెటింగ్’ అన్న పేరుతో వ్యాప్తిలోకి తెచ్చారు. ఈ పేరుకు మూలం వ్యాధి సోకడమనే ఉపమానం. వ్యాధి సోకడానికి మనిషి సమ్మతితో పనిలేదు. ప్రచారాన్ని మోసేవారి సమ్మతిని, వినేవారి ఎరుకను పక్కనపెట్టే ధోరణి ఈ పేరులోనే ఉందని గమనించాలి.

2006: రెండు మార్గాలు

2005లో యూట్యూబ్ రావడంతో ఈ వృత్తి దృశ్యరూపం దాల్చింది. మరుసటి సంవత్సరమే రెండు భిన్నమైన ప్రయోగాలు జరిగాయి.

మొదటిది ‘లోన్లీగర్ల్15’. బ్రీ అనే పదహారేళ్ల బాలిక తన గదిలో కూర్చుని మనసులోని మాటలు చెబుతున్నట్లుగా 2006 జూన్‌లో ఈ వీడియోలు మొదలయ్యాయి. బ్రీ కల్పిత పాత్ర అనీ, జెసికా రోజ్ అనే నటి ఆ పాత్రను పోషించిందనీ ఆ సెప్టెంబరులో బయటపడింది. ఆరంభంలో అందులో అమ్మకమేదీ లేదు. అయితే 2007లో న్యూట్రోజీనా సంస్థ శాస్త్రవేత్తగా ఒక పాత్ర కథలో ప్రవేశించింది. సొంత గోడులా వినిపించే కథనంలో వాణిజ్యానికి ఎంత సులువుగా చోటు దొరుకుతుందో దీనివల్ల స్పష్టమైంది.

రెండవది ‘విల్ ఇట్ బ్లెండ్?’. అమెరికాలోని యూటా రాష్ట్రం ఓరెమ్ పట్టణంలో బ్లెండర్లు తయారుచేసే బ్లెండ్‌టెక్ సంస్థకు 2006లో జార్జ్ రైట్ మార్కెటింగ్ బాధ్యుడిగా వచ్చాడు. ఒకరోజు కర్మాగారంలో నేలమీద రంపపు పొట్టు అతని కంటబడింది. సంస్థాపకుడు టామ్ డిక్సన్ చెక్కముక్కలు వేసి బ్లెండర్లను పరీక్షిస్తాడని అప్పుడు తెలిసింది. ఆ పరీక్షనే చిత్రీకరించి ప్రజలకు చూపాలని రైట్ తలపెట్టాడు. తొలి వీడియోలకైన ఖర్చు దాదాపు 50 డాలర్లు. తెల్లకోటు తొడుక్కున్న డిక్సన్ గోలీలను, తోట పళ్లెపారను, 2007లో ఐఫోన్‌ను సైతం పొడిచేసి చూపాడు. గృహవినియోగ బ్లెండర్ల అమ్మకాలు పలురెట్లు పెరిగాయని సంస్థ ప్రకటించింది.

ప్రకటన అని తెలిస్తే జనం చూడరన్న వాదనను ఈ రెండవ ఉదాహరణ పూర్వపక్షం చేస్తుంది. అమ్మేదెవరో, అమ్మేదేమిటో తొలి క్షణంలోనే తెలిసినా లక్షలాది మంది ఆ వీడియోలను ఇష్టంగా చూశారు, ఇతరులకు చూపారు. కాబట్టి వ్యాప్తికి గోప్యత అనివార్యం కాదు.

వృత్తిలోని ఒత్తిడి, చట్టం

అయినా గోప్యత కొనసాగడానికి కారణం వృత్తి స్వరూపంలోనే ఉంది. రైట్ ఒక సంస్థలో జీతగాడు. తరువాతి తరంలో వీడియో చేసే వ్యక్తే ప్రచారకుడు కూడా అయ్యాడు. ప్రేక్షకుల నమ్మకమే అతని పెట్టుబడి. అతడు నిలబడిన వేదిక మాత్రం పరాయిది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అక్కడ పోగుచేసుకున్న అనుచరగణం వీడియోకర్తలకు ఒక్కసారిగా దూరమైంది. ఇటువంటి అస్థిరతలో సంస్థలిచ్చే సొమ్ము జీవనాధారమవుతుంది. సొమ్ము తీసుకున్నానని చెబితే నమ్మకం సడలుతుందన్న భయం కూడా వెంట ఉంటుంది.

ఈ భయానికి చట్టం హద్దు గీసింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో తన మార్గదర్శకాలను సవరించి, సంస్థతో ఉన్న ఆర్థిక సంబంధాన్ని బ్లాగు రచయితలు సైతం వెల్లడించాలని స్పష్టం చేసింది. భారతదేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇటువంటి నియమాలనే తెచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలను వెలువరించింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం–2019 కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.

తెలుగు భాషకు సంబంధించిన ప్రశ్న

వెల్లడి వాక్యం, ప్రచార వీడియో ఒకే భాషలో ఉండాలని 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ నియమం తెలుగుకు ఒక పరీక్ష. 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ జగిత్యాల జిల్లా లంబాడిపల్లి పలుకుబడిని, గంగవ్వ గొంతును ప్రపంచంలోని తెలుగువారందరికీ చేర్చింది. మాండలికంలో పలికే మాటకు ఇంటిమనిషి మాటకున్న విశ్వసనీయత లభిస్తుంది. అటువంటి ఇంటి పలుకుబడితో నడిచే ఏ వీడియోలోనైనా మాటంతా తెలుగులో సాగి, ‘యాడ్’, ‘కొలాబ్’ వంటి వెల్లడి పదాలు మాత్రం ఆంగ్ల లిపిలో ఒక మూల చిన్న అక్షరాలతో కనిపిస్తే, ఆ లిపి చదవలేని ప్రేక్షకునికి వెల్లడి జరగనట్టే.

తెలుగు పదజాలంలోనూ ఒక చిక్కు ఉంది. ‘ప్రకటన’ అనే పదానికి వెల్లడించడం, వ్యాపార ప్రచారం అన్న రెండు అర్థాలున్నాయి. మంత్రి చేసేదీ ప్రకటనే, సబ్బును అమ్మేదీ ప్రకటనే. ‘వాణిజ్య ప్రకటన’ అన్నది కొంత మేలైనా వ్యావహారికానికి దూరం. “ఈ మాట చెప్పడానికి ఫలానా సంస్థ నాకు డబ్బిచ్చింది” అన్న వాక్యాన్ని వీడియో ఆరంభంలోనే పలకడం అన్నిటికంటె స్పష్టమైన మార్గం.

ముగింపు

వైరల్ వీడియో ప్రచారకుని వృత్తి గోప్యత మీదనే ఎదిగిందన్న అభిప్రాయం చారిత్రకంగా నిలవదని, వెల్లడితోనే విజయం సాధించిన మార్గం 2006 నుంచే ఉందని పై పరిశీలన వల్ల తేలుతోంది. దండోరా వినే గ్రామీణ శ్రోతకు ఉండిన ఎరుక నేటి తెలుగు ప్రేక్షకునికి కూడా దక్కాలంటే, ఆ వెల్లడి అతని భాషలో, అతనికి వినిపించేటట్టు జరగాలి. అందుకు తగిన పదజాలాన్ని ప్రతిపాదించడం తెలుగు శాఖలు చేపట్టవలసిన పని.