ఉచిత వైద్య శిబిరం

ఉచిత వైద్య శిబిరం అంటే బీమా, డబ్బు లేని రోగులను ఫీజు తీసుకోని వైద్యుల దగ్గరికి చేర్చే తాత్కాలిక ఏర్పాటు. హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారిపై ఉన్న సూర్యాపేట, కోదాడల్లోనూ, నల్లగొండ జిల్లా మిర్యాలగూడలోనూ సేవా సంస్థలు, ఆసుపత్రులు వీటిని నిర్వహిస్తాయి. పాఠశాల గదిలోనో, ఫంక్షన్ హాల్లోనో పేరు నమోదు చేసి, బీపీ, షుగర్ చూసి, చీటీ చేతికిచ్చి వైద్యుడి దగ్గరికి పంపుతారు. కొన్ని మందులు అక్కడే ఇస్తారు.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్య పథకం రాజీవ్ ఆరోగ్యశ్రీ ఈ శిబిరాలను తనలో భాగం చేసుకుంది. అక్కడ జబ్బు బయటపడిన రోగులను ఆరోగ్యమిత్రలనే పథకం సహాయకులు, పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులకు చేరుస్తారు. కుటుంబానికి ఏటా చెల్లించే చికిత్స ఖర్చు పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెంచింది. ఇంత రక్షణ ఉండగా శిబిరాలెందుకన్న అభ్యంతరం ఉంది. అయితే ఆరోగ్యశ్రీ ప్రధానంగా జాబితాలోని శస్త్రచికిత్సలకు, ఆసుపత్రి చికిత్సలకు వర్తిస్తుంది. నెలనెలా వాడాల్సిన బీపీ మాత్రల ఖర్చు చాలావరకు రోగిదే. ప్రైవేటు ఆసుపత్రులు రోగుల వేటకే శిబిరాలు పెడతాయన్న విమర్శ మరింత బలమైనది, పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. రోగిని ప్రభుత్వాసుపత్రికి కూడా పంపగలిగితే ఆ అనుమానం తగ్గుతుంది. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలవడంతో ఆ వీలు దగ్గరైంది. ఒక్కరోజు పరీక్షతో దీర్ఘవ్యాధి అదుపులోకి రాదు కనుక, శిబిరం విలువను వచ్చిన జనాన్ని బట్టి కాక, తర్వాత చికిత్సలో కొనసాగినవారిని బట్టి లెక్కించడం సబబు.